ఇంటి నుంచి పనిచేసే సిబ్బందికి ఆఫీసు వీపీఎన్: గుంటూరు, బెజవాడ చిన్న వ్యాపారాల కోసం సమగ్ర మార్గదర్శి

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక మోస్తరు కంపెనీ ఉందనుకుందాం. ఆఫీసు బ్రాడీపేటలో. టాలీ ఉన్న కంప్యూటర్, ఇన్వాయిస్‌లూ కాంట్రాక్టులూ దాచే ఫైల్ సర్వర్ అక్కడే ఉంటాయి. అకౌంట్స్ చూసే ఆవిడ తెనాలిలో ఇంటి నుంచే పనిచేస్తారు. యార్డులో కొనుగోళ్ళు చూసే కుర్రాడికి ఫోనే ఆఫీసు. షిప్పింగ్ కాగితాలు చూసే మనిషి చెన్నైలో ఉంటాడు, ఆడిటర్ గారు విజయవాడ గవర్నర్‌పేటలో. సీజన్ మొదలైతే ఓనరు గారు ఊళ్ళో ఉండేదే తక్కువ.

వీళ్ళందరూ ఆఫీసు కంప్యూటర్‌లోకి ఎలా వస్తున్నారని అడిగితే సాధారణంగా వినిపించేవి మూడు పద్ధతులు. టాలీ బ్యాకప్ వాట్సాప్‌లోనో మెయిల్లోనో పంపుకోవడం ఒకటి. దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపే ఎనీడెస్క్ యాప్‌కి ఒకే పాస్‌వర్డ్ పెట్టి దాన్ని రాత్రీ పగలూ ఆన్‌లో ఉంచడం రెండోది. మూడోది వీటన్నిటికన్నా ప్రమాదం. కంప్యూటర్లు చూసే కుర్రాడు రౌటర్‌లో 3389 పోర్టు (బయటి నుంచి లోపలికి వచ్చే నంబరు తలుపు లాంటిది) తెరిచి, దూరం నుంచి కంప్యూటర్ తెరను వాడుకునే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి వదిలేసి ఉంటాడు. బ్రహ్మాండంగా పనిచేస్తుంది కాబట్టి ఎవరూ దాని జోలికి వెళ్ళరు.

ఆ పోర్టు కోసం ఇంటర్నెట్ మొత్తాన్ని జల్లెడ పట్టే ప్రోగ్రాములు నిరంతరం తిరుగుతూనే ఉంటాయి. మీ కంపెనీ చిన్నదా పెద్దదా అని అవి చూడవు. తెరిచి ఉన్న పోర్టు దొరికితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు ఒకదాని తర్వాత ఒకటి కొడుతూ పోతాయి. 3389 బదులు 3390 పెట్టుకుంటే దొరకం అనుకోవడం ఉత్త భ్రమ. 2019 మేలో బయటపడిన బ్లూకీప్ లోపంలో అయితే పాస్‌వర్డ్ అవసరం కూడా లేకుండానే పాత విండోస్ మెషీన్లలోకి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా చొరబడే వీలుండేది. ఫైళ్ళకి తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ముఠాలకు బాగా అలవాటైన దారుల్లో ఇది ఒకటి.

ఈ దారి మూసేసి, దాని స్థానంలో మనవాళ్ళకు మాత్రమే తెరుచుకునే దారి పెట్టడమే ఆఫీసు వీపీఎన్ పని. సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఒక పూటలో అయిపోతుంది. అసలు పని ఎవరిని ఎంతవరకు రానివ్వాలో తేల్చడం, మానేసినవాళ్ళకి ఆ రోజే దారి మూసేయడం. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు వాటికే ఇచ్చాను.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం

యూట్యూబ్ ప్రకటనల్లో కనిపించే వీపీఎన్ వేరు, మనకు కావలసింది వేరు. అక్కడ అమ్మేది మీ ఇంటర్నెట్ ట్రాఫిక్‌ని వేరే దేశంలోని సర్వర్ మీదుగా పంపించే సేవ. దానికి నెలనెలా చందా కట్టినా తెనాలి నుంచి బ్రాడీపేట ఆఫీసు కంప్యూటర్ కనిపించదు. మనకు కావలసింది మన ఆఫీసు నెట్‌వర్క్‌కి, మన సిబ్బంది పరికరాలకు మధ్య గుప్తలిపిలో నడిచే సొంత దారి.

"వీపీఎన్‌లు మన దేశంలో నిషేధం కదా" అని కూడా అడుగుతుంటారు. కాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో, వీపీఎన్ సేవలు అమ్మే కంపెనీలు తమ కస్టమర్ల వివరాలు 5 ఏళ్ళు దాచాలని ఉంది. ఆ నిబంధన నచ్చక ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్ లాంటివి ఇక్కడి సర్వర్లు తీసేశాయి. సంస్థలు తమ సిబ్బంది కోసం నడుపుకునే వీపీఎన్‌లకు ఈ కస్టమర్ వివరాల నిబంధన వర్తించదని సెర్ట్-ఇన్ తర్వాత వివరణ ఇచ్చింది. లాగ్‌లు (ఎవరు ఎప్పుడు వచ్చారన్న లాంటి రికార్డులు) దాచడం, దాడి జరిగితే తెలియజేయడం లాంటి బాధ్యతలు మాత్రం మనకూ ఉన్నాయి. వాటి సంగతి చివర్లో చూద్దాం.

మొదటి అడుగు: కాగితం, పెన్ను

ఎవరెవరు బయటి నుంచి పనిచేస్తారు, ఏ పరికరంతో, ఆఫీసులో ఏ వస్తువుతో వాళ్ళకి పని? ఈ మూడూ ఒక కాగితం మీద రాయండి. రాస్తుంటేనే సగం పేర్లు కొట్టేయొచ్చని తెలుస్తుంది. జీఎస్టీ పోర్టల్‌కి, బ్యాంకు సైటుకి, గూగుల్ వర్క్‌స్పేస్ మెయిల్‌కి, జోహో బుక్స్ లాంటి వాటికి వీపీఎన్ అక్కర్లేదు. అవి ఇంటర్నెట్‌లో వాడుకోవడానికే తయారైనవి. వాటికి గట్టి పాస్‌వర్డ్, రెండో దశ ఓటీపీ ఉంటే చాలు. యార్డు కుర్రాడికి రోజు ధరల షీటు మాత్రమే కావాలనుకుంటే, ఆ షీటు గూగుల్ డ్రైవ్‌లో ఉన్నప్పుడు అతన్ని ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తీసుకురావడం అనవసరం.

మన ఉదాహరణలో చివరికి మిగిలేవాళ్ళు నలుగురు. అకౌంట్స్ ఆవిడకి టాలీ కంప్యూటర్ కావాలి. చెన్నై మనిషికి ఫైల్ సర్వర్‌లో షిప్పింగ్ ఫోల్డర్ కావాలి. ఓనరు గారికి టాలీ, ఫైళ్ళు, సీసీ కెమెరాలు కావాలి. ఆడిటర్ గారికి ఏడాదిలో కొన్ని వారాలు టాలీ చూసే అవకాశం ఉంటే చాలు. ఈ కాగితం జాగ్రత్తగా పెట్టుకోండి. తర్వాత ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌లోకి ఎవరిని ఎంతవరకు రానివ్వాలో చూసే కాపలా) రూల్స్ రాసేది దీన్ని చూసే.

రెండో అడుగు: మీ ఇంటర్నెట్ కనెక్షన్ ఎలాంటిది?

చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. బయటివాళ్ళు మన ఆఫీసును చేరాలంటే రౌటర్‌కి పబ్లిక్ ఐపీ, అంటే ఇంటర్నెట్‌లో ఎక్కడి నుంచైనా చేరగల సొంత అడ్రసు ఉండాలి. ఏపీ ఫైబర్‌నెట్ అయినా, జియో, ఎయిర్‌టెల్ అయినా, వీధిలోని కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన బ్రాడ్‌బ్యాండ్ అయినా, మామూలు ప్లాన్‌లో చాలాసార్లు ఒకే పబ్లిక్ ఐపీని వందలాది కస్టమర్లకి పంచుతారు. దీన్నే సీజీనాట్ అంటారు. ఆ వెనకున్న రౌటర్‌ని బయటి నుంచి నేరుగా చేరలేం.

తెలుసుకోవడం తేలిక. రౌటర్ పేజీలోకి వెళ్ళి వ్యాన్ (WAN) ఐపీ, అంటే ఇంటర్నెట్ వైపు అడ్రసు ఎంతో చూడండి. తర్వాత బ్రౌజర్‌లో "నా ఐపీ ఎంత" అని చెప్పే ఏదో ఒక సైటు తెరవండి. రెండూ ఒకటే అయితే మీది పబ్లిక్ ఐపీ. రౌటర్‌లో 100.64 నుంచి 100.127 లోపు మొదలయ్యే నంబరు కనిపిస్తే సీజీనాట్ ఉన్నట్టే. అక్కడ 10తోనో 192.168తోనో మొదలయ్యే నంబరు ఉంటే, మధ్యలో ఇంకో రౌటర్ ఉందని అర్థం.

సీజీనాట్ ఉంటే మూడు మార్గాలు ఉన్నాయి. అదనంగా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ ఐపీ) తీసుకోవడం అన్నిటికన్నా శుభ్రమైనది. కస్టమర్ కేర్‌లో "లేదు" అన్నా, బిజినెస్ ప్లాన్ గురించి అడగండి. అక్కడ దొరకొచ్చు. రెండోది, ముంబైలోనో హైదరాబాద్‌లోనో చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకి తీసుకుని, ఆఫీసు రౌటర్, సిబ్బంది అందరూ దానికి కనెక్ట్ అయ్యేలా చేయడం. మూడోది, టెయిల్‌స్కేల్ లాంటి సేవ. దాని సంగతి కాసేపట్లో.

ప్లాన్‌లో 100 ఎంబీపీఎస్ అని రాసుంటే మురిసిపోకండి. ఇంట్లో ఉన్న మనిషికి ఆఫీసు ఫైలు చేరాలంటే పనిచేసేది ఆఫీసు అప్‌లోడ్ వేగం. దాన్ని పని వేళల్లో కొలిచి చూడండి.

మూడో అడుగు: ఆఫీసు ఐపీ అడ్రసులు మార్చడం

ఈ అడుగు వేయకుండా దాటేసిన వీపీఎన్‌లు ఇవాళ కాకపోతే రేపు మొరాయిస్తాయి. కారణం సింపుల్. మీ ఆఫీసులో అడ్రసులు 192.168.1తో మొదలవుతాయి. ఊళ్ళో సగం ఇళ్ళల్లోనూ అంతే. అకౌంట్స్ ఆవిడ ల్యాప్‌టాప్ 192.168.1.10 అనే టాలీ కంప్యూటర్‌ని వెతికితే, అది తన ఇంట్లోనే ఉందనుకుని ఇంటి నెట్‌వర్క్‌లోనే వెతుకుతుంది. వీపీఎన్ కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది, టాలీ కంప్యూటర్ మాత్రం దొరకదు. 192.168.0 కూడా అంతే. జియోఫైబర్ ఇళ్ళల్లో 192.168.29 ఉంటుంది కాబట్టి అదీ వద్దు.

ఎవరి ఇంట్లోనూ ఉండని అంకెలు ఎంచుకోండి. ఆఫీసుకి 10.77.10.0/24, వీపీఎన్‌లోకి వచ్చేవాళ్ళకి 10.77.99.0/24 అనుకుందాం. /24 అంటే ముందున్న మూడు అంకెలతో మొదలయ్యే అడ్రసులన్నీ, /32 అంటే ఆ ఒక్క అడ్రసే. 10.0.0 మాత్రం వద్దు, అదీ అందరికీ అలవాటైనదే.

మార్పు ఆదివారం పెట్టుకోండి. కంప్యూటర్లు వాటంతటవే కొత్త అడ్రసు తీసుకుంటాయి గానీ, చేత్తో అడ్రసు పెట్టిన వస్తువులు కొన్ని ఉంటాయి. ప్రింటర్, వేలిముద్ర హాజరు మెషీన్, సీసీ కెమెరాల డీవీఆర్, ఎప్పుడో ఎవరో బిగించిన రెండో వైఫై పెట్టె. వీటి జాబితా ముందే రాసుకోకపోతే సోమవారం పొద్దున్నే "సార్, ప్రింట్ రావట్లేదు" అన్న ఫోన్లతోనే తెల్లారుతుంది. టాలీ కంప్యూటర్‌కి, ఫైల్ సర్వర్‌కి రౌటర్‌లోనే అడ్రసు రిజర్వ్ చేయండి. ఉదాహరణకి టాలీకి 10.77.10.20, ఫైల్ సర్వర్‌కి 10.77.10.30.

నాలుగో అడుగు: ఏ వీపీఎన్, ఏ పెట్టె మీద?

పీపీటీపీ అన్న పాత రకం వీపీఎన్ పేరు కనిపిస్తే పక్కన పెట్టేయండి. దాని పాస్‌వర్డ్ విధానాన్ని ఛేదించవచ్చని 2012లోనే అందరి ముందూ చూపించారు. ఇంకా పాత రౌటర్లలో ఉంది, ఇంకా కొందరు పెడుతూనే ఉన్నారు.

మిగిలినవాటిలో ఓపెన్‌వీపీఎన్ పాతది, నమ్మకమైనది. యూడీపీ 1194 పోర్టు మీద నడుస్తుంది, అవసరమైతే టీసీపీ 443 మీద కూడా నడపొచ్చు (యూడీపీ, టీసీపీ డేటా పంపే రెండు పద్ధతులు). హోటల్ వైఫైల్లో మిగతావన్నీ బ్లాక్ అయినప్పుడు ఇది పనికొస్తుంది. యూజర్‌నేమ్, ఓటీపీ కూడా జత చేయొచ్చు. ఐపీసెక్ మంచిదే కానీ సెట్టింగ్స్ ఎక్కువ, తేడా వస్తే కారణం పట్టుకోవడం కష్టం. రెండు ఆఫీసుల్ని శాశ్వతంగా కలపాలంటే దాన్ని ఆలోచించొచ్చు.

వైర్‌గార్డ్ కొత్త తరానిది. 2020 మార్చిలో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ 5.6లో భాగమైంది. కోడ్ చాలా చిన్నది, వేగం ఎక్కువ. ఫోన్ వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినా కనెక్షన్ తెగదు. తెలియని మనిషి తలుపు తడితే అసలు పలకదు కూడా. అంటే పోర్టుల కోసం జల్లెడ పట్టేవాళ్ళకి అక్కడ ఒక సర్వర్ ఉందనే తెలియదు. ఇరవై మంది లోపు ఆఫీసుకి నా ఓటు దీనికే.

దీన్ని నడపడానికి రౌటర్ఓఎస్ 7 సాఫ్ట్‌వేర్ ఉన్న మైక్రోటిక్ కంపెనీ రౌటర్ చాలు. లేదంటే ఓ మూల పడి ఉన్న పాత కంప్యూటర్‌లో ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ గానీ ఉబుంటు లైనక్స్ గానీ ఎక్కించొచ్చు. కంప్యూటర్ అయితే కరెంటు, ఫ్యాను, హార్డ్‌డిస్క్ అన్నీ చూసుకోవాలి కాబట్టి రౌటరే సుఖం.

టెయిల్‌స్కేల్ లోపల నడిచేది కూడా వైర్‌గార్డే. తాళాల పంపిణీ, దారి వెతకడం అదే చూసుకుంటుంది. స్టాటిక్ ఐపీ అక్కర్లేదు, సీజీనాట్ ఉన్నా పనిచేస్తుంది, పోర్టు తెరవనక్కర్లేదు. ఆఫీసులో ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక మెషీన్‌లో పెట్టి దాన్ని సబ్‌నెట్ రౌటర్‌గా చేస్తే మిగతా నెట్‌వర్క్ అంతా అందుతుంది. గూగుల్ లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవుతారు కాబట్టి ఆ అకౌంట్ల ఓటీపీ రక్షణ దీనికీ వస్తుంది. అయితే ఆ అకౌంట్ కంపెనీదై ఉండాలి. ఉద్యోగి సొంత జీమెయిల్‌తో లాగిన్ చేయిస్తే తాళం అతని దగ్గరే ఉండిపోతుంది. నెట్‌వర్కింగ్ తెలిసిన మనిషి దగ్గర్లో లేకపోతే, సగం సగం తెలిసి వైర్‌గార్డ్ పెట్టడం కన్నా దీన్ని సరిగ్గా పెట్టుకోవడం మేలు.

పెద్ద కంపెనీల ఫైర్‌వాల్ పెట్టెలు అమ్మేవాళ్ళు కూడా వస్తారు. కొనొచ్చు, కానీ అప్‌డేట్ల చందా ఏటా కడతామనుకుంటేనే. ఫోర్టినెట్ పెట్టెల్లో 2018 నాటి ఒక లోపానికి 2019లోనే మరమ్మతు విడుదలైంది. అప్‌డేట్ చేయని పెట్టెల నుంచి కొట్టేసిన దాదాపు 5 లక్షల వీపీఎన్ లాగిన్లు 2021 సెప్టెంబరులో ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమయ్యాయి. వీపీఎన్ పెట్టె ఎప్పుడూ ఇంటర్నెట్‌కి ఎదురుగా నిలబడి ఉంటుంది. మిగతా ఏది అప్‌డేట్ చేసినా చేయకపోయినా దాన్ని మాత్రం చేయాల్సిందే.

ఐదో అడుగు: వైర్‌గార్డ్ అమర్చడం

వైర్‌గార్డ్‌లో ప్రతి పరికరానికీ రెండు తాళాలుంటాయి. ప్రైవేట్ కీ ఆ పరికరం దాటి బయటికి రాకూడదు. పబ్లిక్ కీని ఎవరికి చూపించినా పర్వాలేదు. రౌటర్‌లో వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్ ఒకటి సృష్టించి 10.77.99.1 అడ్రసు ఇవ్వండి. వినే పోర్టు యూడీపీ 51820. రౌటర్ ఫైర్‌వాల్‌లో బయటి నుంచి ఆ ఒక్క పోర్టే అనుమతించండి.

తర్వాత అకౌంట్స్ ఆవిడ ల్యాప్‌టాప్‌లో వైర్‌గార్డ్ యాప్ పెట్టి, ఖాళీ టన్నెల్ సృష్టిస్తే అక్కడే కీ జత తయారవుతుంది. పబ్లిక్ కీ మాత్రం మీకు పంపమనండి. అది వాట్సాప్‌లో వచ్చినా ఫర్వాలేదు. దాన్ని రౌటర్‌లో పీర్‌గా (వీపీఎన్‌లోకి రానిచ్చే ఒక పరికరంగా) చేర్చి, ఆమెకి 10.77.99.11/32 అడ్రసు కేటాయించండి. మీరే అందరి ఫైళ్ళూ తయారుచేసి వాట్సాప్‌లో పంచితే పని త్వరగా అవుతుంది, నిజమే. కానీ ఆ ఫైల్లో ప్రైవేట్ కీ ఉంటుంది. ఆ చాట్ ఉన్న ప్రతి ఫోనూ మీ ఆఫీసు తాళమే. ఫోన్ల కోసం చూపించే క్యూఆర్ కోడ్ కూడా అంతే. ఎదురుగా కూర్చుని స్కాన్ చేయించండి, స్క్రీన్‌షాట్ పంపొద్దు.

ల్యాప్‌టాప్ వైపు నింపాల్సినవి కొన్నే. ఎండ్‌పాయింట్ దగ్గర ఆఫీసు స్టాటిక్ ఐపీ, 51820 పోర్టు. అలౌడ్ ఐపీస్ దగ్గర 10.77.10.0/24, 10.77.99.1/32. ఇలా పెడితే ఆఫీసుకి వెళ్ళేవి మాత్రమే వీపీఎన్‌లో వెళ్తాయి, ఆమె ఇంట్లో యూట్యూబ్ మీ ఆఫీసు అప్‌లోడ్‌ని తినదు. మొత్తం ట్రాఫిక్ ఆఫీసు మీదుగానే రావాలంటే 0.0.0.0/0 పెట్టాలి. రైల్వే స్టేషన్, హోటల్ వైఫైలు ఎక్కువగా వాడే ఓనరు గారి ఫోన్‌కి అది అర్థవంతమే. పర్‌సిస్టెంట్ కీపలైవ్ 25 సెకన్లు పెట్టండి, మొబైల్ డేటాలో కనెక్షన్ నిద్రపోకుండా ఉంటుంది.

విండోస్‌లో ఇంకో చిక్కుంది. వైర్‌గార్డ్ ఆన్, ఆఫ్ చేయడానికి అడ్మిన్ హక్కులు అడుగుతుంది. ఈ ఒక్కదాని కోసం ఉద్యోగులందరినీ అడ్మిన్లు చేసేయకండి. నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఆపరేటర్స్ అనే గ్రూపులో వాళ్ళని చేర్చి, రిజిస్ట్రీలో వైర్‌గార్డ్ చెప్పిన చిన్న సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది.

ఇద్దరికి ఒకే కీ ఇవ్వకండి. ఒకే మనిషికి ల్యాప్‌టాప్, ఫోన్ రెండూ ఉంటే రెండు కీలు, రెండు అడ్రసులు. ఒకే కీ రెండు చోట్ల వాడితే కనెక్షన్ అటూ ఇటూ గెంతుతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఒకరు మానేసినప్పుడు ఆ కీ తీసేస్తే ఇంకొకరి పనీ ఆగిపోతుంది. దాంతో తీయడం రేపు, ఎల్లుండి అని వాయిదా పడుతుంది.

ఆరో అడుగు: ఎవరికి ఎంతవరకు

చాలా ఆఫీసుల్లో వీపీఎన్ కనెక్ట్ కాగానే పని అయిపోయిందనుకుంటారు. ఇప్పుడు అకౌంట్స్ ఆవిడ ల్యాప్‌టాప్ మీ నెట్‌వర్క్‌లో ఉంది. ఆ ల్యాప్‌టాప్‌లో పిల్లలు గేములు దించుకుని వైరస్ ఎక్కిస్తే, ఆ వైరస్ కూడా మీ నెట్‌వర్క్‌లో ఉన్నట్టే. గుప్తలిపి దాన్ని ఆపదు సరికదా, క్షేమంగా తీసుకొస్తుంది. గోడౌన్ చూసే గుమస్తాకి గోడౌన్ తాళం ఇస్తాం గానీ గల్లాపెట్టె తాళం ఇవ్వం కదా. ఇక్కడా అంతే.

మొదట రాసిన కాగితం తీయండి. రౌటర్ ఫైర్‌వాల్‌లో ముందుగా వీపీఎన్ నుంచి ఆఫీసులోకి వచ్చేదంతా ఆపేసే రూల్ అడుగున పెట్టండి. దానిపైన అనుమతులు ఒక్కొక్కటీ రాయండి. అకౌంట్స్ ఆవిడ 10.77.99.11 నుంచి టాలీ కంప్యూటర్ 10.77.10.20కి, 3389 పోర్టు మాత్రమే. చెన్నై మనిషి 10.77.99.12 నుంచి ఫైల్ సర్వర్‌కి ఫైల్ షేరింగ్ పోర్టు 445 మాత్రమే. ఓనరు గారికి ఈ రెండూ, డీవీఆర్ కూడా. ఆడిటర్ గారి రూల్ రాసి, డిజేబుల్ చేసి ఉంచండి. ఆడిట్ రోజుల్లో మాత్రం ఆన్ చేస్తే చాలు. వీపీఎన్‌లో ఉన్నవాళ్ళు ఒకరినొకరు చూసుకోవాల్సిన అవసరం లేదు, అదీ ఆపేయండి. రౌటర్ సెట్టింగ్స్ పేజీ కూడా వీళ్ళెవరికీ కనిపించకూడదు.

ల్యాప్‌టాప్‌లో అలౌడ్ ఐపీస్ తగ్గించి రాస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. ఆ ఫైలు ఉద్యోగి చేతిలో ఉంటుంది, కావాలంటే మార్చుకోగలడు. కట్టడి ఎప్పుడూ ఆఫీసు వైపే ఉండాలి.

ఏడో అడుగు: టాలీ సంగతి

వీపీఎన్ వచ్చింది కదా అని టాలీ డేటా ఫోల్డర్‌ని ఇంట్లోని టాలీకి నేరుగా చూపించకండి. టాలీ డేటా చిన్న చిన్న ముక్కలుగా వేలసార్లు చదువుతుంది, రాస్తుంది. ఆఫీసులో వైరు మీద అది తెలియదు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద ఒక వోచర్ తెరవడానికి టీ తాగి రావచ్చు. మధ్యలో కనెక్షన్ తెగితే డేటా పాడయ్యే ప్రమాదమూ ఉంది. వీపీఎన్ ద్వారా ఆఫీసు టాలీ కంప్యూటర్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్ళి అక్కడే పనిచేయడం సరైన పద్ధతి. అప్పుడు దారిలో ప్రయాణించేది తెర బొమ్మ, మౌస్ కదలికలు మాత్రమే.

అందుకు ఆఫీసు కంప్యూటర్‌లో విండోస్ ప్రో ఉండాలి. హోమ్‌లోకి బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్ రాదు. ప్రోలో కూడా ఒకసారి ఒక్కరే పనిచేయగలరు. ఇంటి నుంచి ఆవిడ లాగిన్ అయితే ఆఫీసులో కూర్చున్నవాళ్ళ తెర లాక్ అయిపోతుంది. ఒకేసారి ఇద్దరు ముగ్గురు కావాలంటే విండోస్ సర్వర్, దాని లైసెన్సులు, టాలీలో సిల్వర్ బదులు గోల్డ్ లైసెన్సు అవసరం. ప్రోలోనే ఎక్కువ మందిని రప్పించే చిట్కా సాఫ్ట్‌వేర్లు దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. లైసెన్సు ఉల్లంఘన అటుంచి, ఒక విండోస్ అప్‌డేట్ రాగానే అవి పడకేస్తాయి.

ఆ కంప్యూటర్‌లో స్లీప్ ఆపేయండి. కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటదే ఆన్ అయ్యేలా బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) సెట్ చేయండి. రౌటర్‌ని, ఫైబర్ పెట్టెని కూడా యూపీఎస్ మీదే పెట్టండి. కంప్యూటర్ యూపీఎస్ మీద ఉండి రౌటర్ మామూలు ప్లగ్‌కి ఉన్న ఆఫీసులు చాలానే ఉన్నాయి. ఇంకా విండోస్ 10 నడుస్తుంటే, దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మార్చాల్సిందే.

ఎనిమిదో అడుగు: రెండో తాళం

2021 మేలో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ ఆగిపోయి పెట్రోలు బంకుల దగ్గర క్యూలు కట్టారు. దొంగలు లోపలికి వచ్చింది ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ అకౌంట్ ద్వారా. దానికి పాస్‌వర్డ్ ఒక్కటే రక్షణ, ఓటీపీ లేదు. ఆ కంపెనీ దాదాపు 44 లక్షల డాలర్లు సమర్పించుకుంది.

ఓపెన్‌వీపీఎన్ అయితే ఆథెంటికేటర్ యాప్ ఓటీపీ తప్పనిసరి చేయండి. వైర్‌గార్డ్‌లో ఓటీపీ ఉండదు. కీ ఉన్న ల్యాప్‌టాప్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే లోపలికి వచ్చేస్తారు. కాబట్టి రెండో తాళం ల్యాప్‌టాప్ దగ్గరా, టాలీ కంప్యూటర్ దగ్గరా ఉండాలి. బయట తిరిగే ప్రతి ల్యాప్‌టాప్‌కీ డిస్క్ మొత్తాన్ని గుప్తలిపిలో ఉంచే విండోస్ బిట్‌లాకర్ ఆన్ చేసి, దాని రికవరీ కీ ఆఫీసులో దాచండి. టాలీ కంప్యూటర్‌లో ఒక్కొక్కరికి విడి యూజర్, పొడవాటి పాస్‌వర్డ్ ఇవ్వండి. కొన్నిసార్లు తప్పు కొడితే అకౌంట్ లాక్ అయ్యేలా పెట్టండి. టాలీలో కూడా యూజర్ల వారీ హక్కులు పెట్టొచ్చు, వాడండి.

తొమ్మిదో అడుగు: పాత దారులు మూయడం

ఇది చేయకపోతే ఇప్పటిదాకా పడ్డ శ్రమంతా దండగ. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ తెరిచి ఉన్నవన్నీ తీసేయండి. 3389, ఎస్‌క్యూఎల్ సర్వర్ 1433, కెమెరాల డీవీఆర్ పోర్టులు, ఎవరు ఎందుకు పెట్టారో తెలియనివి, అన్నీ. యూపీఎన్‌పీ ఆపేయండి. అది ఉంటే లోపలి పరికరాలు మీకు చెప్పకుండానే పోర్టులు తెరుచుకుంటాయి. ఎనీడెస్క్‌లో మనిషి లేకుండా లోపలికి వచ్చే పాస్‌వర్డ్‌ని తొలగించండి. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా అడ్మిన్ అనే ఉంటే ఇప్పుడే మార్చండి.

తర్వాత పరీక్ష. ఫోన్‌లో వీపీఎన్ ఆపి, మొబైల్ డేటా మీద ఆఫీసు స్టాటిక్ ఐపీకి రిమోట్ డెస్క్‌టాప్ ప్రయత్నించండి. రాకూడదు. వీపీఎన్ ఆన్ చేసి 10.77.10.20కి ప్రయత్నించండి. రావాలి. చెన్నై మనిషి ల్యాప్‌టాప్ నుంచి టాలీ కంప్యూటర్‌కి ప్రయత్నించమనండి. అక్కడ రాకూడదు. మూడో పరీక్ష చాలామంది చేయరు, ఫైర్‌వాల్ రూల్స్ సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చేది అదే.

మనుషుల వైపు

ఒక నోట్‌బుక్‌లో పేరు, పరికరం, ఇచ్చిన అడ్రసు, ఇచ్చిన తేదీ, తీసేసిన తేదీ రాస్తూ ఉండండి. మనిషి మానేసిన రోజు ఫుల్ అండ్ ఫైనల్ లెక్క తేలే లోపే కీ తీసేయాలి. మంచి మనిషే కదా అనే మొహమాటం వద్దు. అతను ఏమీ చేయకపోయినా, అతని పాత ల్యాప్‌టాప్ రేపు ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు. మూడు నెలలకోసారి ఆ నోట్‌బుక్, రౌటర్‌లోని పీర్ల జాబితా పక్కపక్కన పెట్టి చూడండి. రౌటర్ ప్రతి పీర్ చివరిగా ఎప్పుడు పలికిందో చూపిస్తుంది. నెలల తరబడి పలకని పీర్ ఎవరిదో కనుక్కుని తొలగించండి.

"మేడమ్, ఆఫీసు వీపీఎన్ అప్‌డేట్ చేస్తున్నాం, మీకొచ్చిన ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే ఏం చేయాలో అందరికీ ముందే చెప్పండి. ఫోన్ పెట్టేసి, తెలిసిన నంబరుకి తామే చేయాలి. నిజంగా మీ కంప్యూటర్ కుర్రాడే చేసినా ఇదే పద్ధతి. అతను నొచ్చుకోకుండా ఈ సంగతి అతనికీ ముందే చెప్పి ఉంచండి.

కనెక్ట్ అయ్యింది, కానీ…

"అన్నా, వీపీఎన్ ఆన్‌లోనే ఉంది, ఏమీ రావట్లేదు." ఈ ఫోన్ తప్పకుండా వస్తుంది. వైర్‌గార్డ్ యాప్‌లో లేటెస్ట్ హ్యాండ్‌షేక్ (రెండు వైపులా చివరిగా పలకరించుకున్న సమయం) అనే వరుస ఉందా అని అడగండి. లేకపోతే అసలు ఆఫీసు చేరలేదు. కీ తప్పు, ఐపీ తప్పు, పోర్టు బ్లాక్, లేదా ఆఫీసులో నెట్ లేదు. స్టాటిక్ ఐపీ బదులు డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు (మారే ఐపీని వెంబడించే పేరు) వాడుతుంటే, ఆఫీసు ఐపీ మారినప్పుడు ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయాలి, ఎందుకంటే పేరును మొదట్లో ఒక్కసారే వెతుకుతుంది. ల్యాప్‌టాప్ గడియారం వెనక్కి వెళ్ళినా హ్యాండ్‌షేక్ జరగదు. గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయిన పాత మెషీన్లలో ఇది చూడాల్సిన సంగతి.

హ్యాండ్‌షేక్ ఉండీ ఫైల్ సర్వర్ రాకపోతే విండోస్ ఫైర్‌వాల్‌ని అనుమానించండి. ఫైల్ షేరింగ్‌ని అది మామూలుగా అదే నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్ళకే ఇస్తుంది. 10.77.99 దానికి పరాయి నెట్‌వర్క్. ఆ రూల్‌లో 10.77.99.0/24ని చేర్చాలి. రిమోట్ డెస్క్‌టాప్ మొదలై నల్ల తెర దగ్గర ఆగిపోయినా, చిన్న ఫైళ్ళు వచ్చి పెద్దవి రాకపోయినా ఎంటీయూ (ఒక్కో డేటా ప్యాకెట్ గరిష్ఠ సైజు) సమస్య. వైర్‌గార్డ్ మామూలుగా 1420 పెడుతుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో డయల్ అయ్యే బ్రాడ్‌బ్యాండ్ లైన్లకి అదే ఎక్కువ కావచ్చు. 1280కి తగ్గించి చూడండి.

బ్యాకప్, వరద, చట్టం

వీపీఎన్ బ్యాకప్‌కి ప్రత్యామ్నాయం కాదు. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఆఫీసు బయట. బయటి కాపీని ఆఫీసు కంప్యూటర్ చెరపలేని విధంగా పెట్టండి, లేకపోతే రాన్సమ్‌వేర్ దాన్నీ తినేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు, కింది అంతస్తులో సర్వర్ ఉన్న వ్యాపారానికి ఏ వీపీఎన్ పనికొస్తుంది? ఇంటి నుంచి పనిచేసే ఏర్పాటు నిజంగా అక్కరకొచ్చేది అలాంటి రోజుల్లోనే. పెట్టెలు నేల మీద నుంచి తీసి పైన పెట్టండి. వీలైతే పై అంతస్తుకి మార్చండి. ఆఫీసు మునిగినా టాలీ నడవాలంటే, క్లౌడ్‌లో ఒక విండోస్ సర్వర్ తీసుకుని దాన్ని ఇదే వీపీఎన్ వెనక పెట్టడం ఒక దారి. ఖర్చు ఎక్కువే, మీ వ్యాపారం ఎన్ని రోజులు ఆగగలదో చూసి నిర్ణయించుకోవాలి.

సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు దాచాలి. రౌటర్ తనలో తాను అన్ని రోజులు దాచలేదు. లాగ్‌లని ఫైల్ సర్వర్‌కి పంపేలా సెట్ చేయండి, అన్ని పరికరాల గడియారాలూ ఒకే టైమ్ సర్వర్ నుంచి సరిచూసుకునేలా పెట్టండి. ఆ ఆదేశాల్లో చెప్పిన రకం దాడి జరిగితే, తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలి. కస్టమర్ల, ఉద్యోగుల వ్యక్తిగత వివరాలు మీ దగ్గరుంటే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చదివించుకోండి. తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది.

ఉద్యోగి ల్యాప్‌టాప్ బస్సులో పోయిందని రాత్రి పదకొండింటికి ఫోన్ వస్తే చేయాల్సినవి వరుసగా ఇవి. ముందు రౌటర్‌లో ఆ పీర్‌ని తీసేయండి. తర్వాత ఆ మనిషి విండోస్, టాలీ, మెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చి, మెయిల్‌లో అన్ని చోట్లా లాగ్ అవుట్ కొట్టండి. లాగ్‌లో ఆ అడ్రసు చివరిగా ఎప్పుడు వచ్చిందో చూసి, ఫోన్ వచ్చిన టైముతో పాటు రాసి పెట్టుకోండి. పొద్దున్నే స్టేషన్‌లో ఫిర్యాదు ఇప్పించండి. ఈలోగా బ్యాంకు డబ్బు కదిలినట్టు కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.